పదేపదే వినిపించే శబ్దానికి మెదడు విద్యుత్ స్పందన ఎలా మారుతుంది? కళాశాల ప్రయోగశాలకు ఒక సమగ్ర మార్గదర్శి

ఒకే శబ్దాన్ని సెకనుకు ఒకటి చొప్పున ఆరుసార్లు వినిపిస్తే, మొదటిసారి నడినెత్తి మీద నమోదైన విద్యుత్ స్పందన రెండోసారికి బాగా తగ్గిపోతుంది. తగ్గుదలలో ఎక్కువ భాగం ఆ మొదటి రెండు శబ్దాల మధ్యనే జరుగుతుంది. మూడో శబ్దం నుంచి ఆరో శబ్దం వరకు స్పందన దాదాపు ఒకే స్థాయిలో నిలిచి ఉంటుంది. ఆ తర్వాత పది సెకన్లు నిశ్శబ్దంగా ఉంచి మళ్లీ మొదలుపెడితే, మొదటి శబ్దానికి స్పందన తిరిగి పెద్దదవుతుంది. ఈ మార్పును నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉన్న ఒక కళాశాల ప్రయోగశాలలో, కొద్దిపాటి ఎలక్ట్రోడులున్న ఈఈజీ యంత్రంతోనే (తల మీది నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేసే యంత్రం) చూడవచ్చు. అయితే తగ్గుదలను చూడటం తేలిక, దాని కారణాన్ని తేల్చడం కష్టం. నాడీకణాలు ఇంకా తేరుకోలేదు కాబట్టి స్పందన తగ్గిందా, లేక మెదడు ఆ శబ్దాన్ని గుర్తుపెట్టుకుని దాన్ని కొత్తదిగా లెక్కించడం మానేసిందా? ఈ రెండింటినీ వేరు చేయగలిగేలా ప్రయోగాన్ని మొదటినుంచే కూర్చుకోవాలి. కింద చెప్పే పద్ధతి అంతా ఆ ఉద్దేశంతో రాసిందే.

ముందుగా తెలుసుకోవలసినవి

మనిషి తల మీది నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేయవచ్చని జర్మనీలోని యేనా నగరంలో పనిచేసిన హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించారు. మెలకువగా ఉన్న మనిషికి శబ్దం వినిపించినప్పుడు ఆ విద్యుత్తులో ఒక ప్రత్యేకమైన కదలిక వస్తుందని 1939లో పౌలీన్ డేవిస్ చూపించారు. ఆ కదలికను ఇప్పుడు మూడు భాగాలుగా చదువుతున్నాం. శబ్దం మొదలైన సుమారు 50 మిల్లీసెకన్లకు ఒక చిన్న ధన అల వస్తుంది, దాన్ని పి1 లేదా పి50 అంటారు. సుమారు 100 మిల్లీసెకన్లకు పెద్ద ఋణ అల వస్తుంది, అది ఎన్1. సుమారు 200 మిల్లీసెకన్లకు మరో ధన అల వస్తుంది, అది పి2. వీటిలో ఎన్1 స్పష్టంగా కనబడుతుంది, ప్రధానంగా కణత లోపలి వైపున ఉండే శ్రవణ వల్కలంలో, అంటే శబ్దాలను గ్రహించే మెదడు పైపొర భాగంలో పుడుతుంది, పునరావృతానికి బాగా స్పందిస్తుంది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారు ఎన్1తోనే మొదలుపెట్టాలి.

ఈ మూడింటికంటే ముందు, శబ్దం చెవిని చేరిన పది మిల్లీసెకన్లలోపే, శ్రవణ నాడి నుంచి, మెదడు కాండం నుంచి చాలా చిన్న అలలు కొన్ని వస్తాయి. ఆసుపత్రుల్లో పసిపిల్లల వినికిడిని తెలుసుకోవడానికి చేసే బేరా పరీక్షలో కొలిచేవి ఇవే. ఇవి ఒక మైక్రోవోల్టు కంటే చిన్నవి కాబట్టి సుమారు రెండు వేల క్లిక్ శబ్దాల స్పందనలను సగటు కడితే తప్ప కనబడవు. సెకనుకు ఇరవై క్లిక్కులు వినిపించినా ఇవి పెద్దగా తగ్గవు కాబట్టే ఆ పరీక్ష నిమిషాల్లో పూర్తవుతుంది. వేగం బాగా పెంచితే ఈ చిన్న అలల్లో ఐదోది కొద్దిగా ఆలస్యమవుతుంది. ఎన్1 మాత్రం పూర్తిగా తేరుకోవడానికి దాదాపు పది సెకన్లు తీసుకుంటుంది. చెవి నుంచి పైకి వెళ్లేకొద్దీ గతం ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుందన్నమాట. శబ్దాల మధ్య ఎంత వ్యవధి ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు ఈ తేడాను మరచిపోకూడదు, ఎందుకంటే మెదడు కాండానికి సరిపోయే వేగంలో ఎన్1ను వెతికితే దాదాపు ఏమీ దొరకదు.

అనుమతి, భద్రత

ప్రయోగానికి ముందు సంస్థాగత నైతిక కమిటీ అనుమతి తీసుకోవాలి. పాల్గొనేవారికి ఏం చేయబోతున్నారో తెలుగులో, అవసరమైతే ఉర్దూలో, రాతపూర్వకంగా వివరించి సంతకం తీసుకోవాలి. ఎప్పుడైనా మధ్యలో లేచి వెళ్లవచ్చని స్పష్టంగా చెప్పాలి. తలకు తగిలించే పరికరం బ్యాటరీతో నడిచేదైనా అయి ఉండాలి, లేదా వైద్య ప్రమాణాల ప్రకారం కరెంటు లైను నుంచి పూర్తిగా వేరుచేసినదైనా అయి ఉండాలి. సొంతంగా కూర్చుకున్న సర్క్యూట్‌ను ప్లగ్గుకు పెట్టి మనిషి తలకు కలపడం ఎంతమాత్రం చేయకూడని పని. ఈ విషయంలో ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచనకు చోటే లేదు.

గది, తల, తీగలు

మన ప్రాంతంలో ఈ ప్రయోగం చెడిపోయేది చాలావరకు ఈ దశలోనే. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండకు నెత్తి చెమట పడితే చర్మం నుంచి వచ్చే నెమ్మదైన విద్యుత్ మార్పులు గీతను పైకీ కిందికీ ఈడుస్తాయి. ఎయిర్ కూలర్ పెడితే చెమట తగ్గుతుంది గానీ, దాని హోరు మనం వినిపించే శబ్దాన్ని కప్పేస్తుంది, పైగా ఆ హోరు కూడా పదేపదే వినబడే శబ్దమే. కాబట్టి ఏసీ ఉన్న గది దొరకకపోతే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, ఉదయం పూట నమోదులు పెట్టుకోవడం మేలు. గదిని ముందుగా చల్లబరచి, నమోదు జరుగుతున్నంతసేపు ఫ్యాను కూడా ఆపాలి.

పాల్గొనేవారిని ముందు రోజు రాత్రి తలకు నూనె రాసుకోవద్దని, వీలైతే ఆ ఉదయం తలస్నానం చేసి, జుట్టు పూర్తిగా ఆరిన తర్వాత రమ్మని అడగాలి. కొబ్బరినూనె ఉన్న నెత్తి మీద ఎలక్ట్రోడుకూ చర్మానికీ మధ్య నిరోధం దిగిరాదు. పాయ తీసి, స్పిరిట్ దూదితో తుడిచి, గరుకు జెల్‌తో మెల్లగా రుద్ది, తర్వాత వాహక పేస్టుతో ఎలక్ట్రోడు అంటించాలి. నిరోధం అయిదు కిలో ఓములకు లోపు వచ్చేవరకు ముందుకు వెళ్లకూడదు.

ప్రధాన ఎలక్ట్రోడు నడినెత్తిన, సీజెడ్ అనే చోట ఉండాలి. ముక్కు మొదలు దగ్గరి గుంట నుంచి తల వెనుక ఎముక బొడిపె వరకు టేపుతో కొలిచి సగం గుర్తుపెట్టాలి. ఒక చెవి ముందు గుంట నుంచి రెండో చెవి ముందు గుంట వరకు కొలిచి మళ్లీ సగం గుర్తుపెట్టాలి. రెండు గుర్తులూ కలిసే చోటే సీజెడ్. దానికి ముందు నుదుటి వైపున ఎఫ్‌జెడ్ అనే చోట ఒకటి, రెండు చెవుల వెనుక ఎముకల మీద ఒక్కొక్కటి, ముక్కు కొన మీద రిఫరెన్స్ (మిగతావాటిని దేనితో పోల్చి కొలుస్తామో ఆ ఎలక్ట్రోడు), నుదుటి మీద గ్రౌండ్ (యంత్రపు ఉమ్మడి బిందువుకు కలిపే ఎలక్ట్రోడు), ఒక కంటి పైన, కింద చెరొకటి పెడితే సరిపోతుంది. ముక్కును రిఫరెన్స్‌గా పెట్టమనడానికి కారణం ఉంది. శ్రవణ వల్కలంలో పుట్టిన అల నడినెత్తిన ఋణంగా కనబడితే చెవి వెనుక ధనంగా తిరగబడి కనబడుతుంది. ఆ తిరగబాటు కనబడితే మనం చూస్తున్నది నిజంగా అక్కడి నుంచే వస్తున్నదన్న నమ్మకం బలపడుతుంది.

ఇన్వర్టర్, ట్యూబ్‌లైట్ చోక్, పక్క గదిలోని మోటారు స్టార్టర్ నుంచి 50 హెర్ట్జ్ గోల వస్తుంది. తీగలన్నిటినీ ఒక కట్టగా కలిపి అల్లడం, ల్యాప్‌టాప్‌ను చార్జర్ తీసేసి బ్యాటరీతో నడపడం, వ్యవసాయ ఫీడర్‌కు కరెంటు ఇచ్చే వేళలు తెలుసుకుని చుట్టుపక్కల బోరు మోటార్లు ఆగి ఉన్నప్పుడు కూర్చోవడం వల్ల ఈ గోల చాలా తగ్గుతుంది. ఆ తర్వాతే ఫిల్టర్‌ను నమ్ముకోవాలి.

శబ్దం తయారీ

మొదటి ప్రయోగానికి 1000 హెర్ట్జ్ శుద్ధ స్వరం చాలు. నిడివి 50 మిల్లీసెకన్లు; మొదట్లో, చివర్లో అయిదేసి మిల్లీసెకన్ల పాటు మెల్లగా ఎక్కి మెల్లగా దిగేలా చేయాలి, లేకపోతే అంచుల దగ్గర టక్కుమనే చప్పుడు పుట్టి అసలు స్వరంతో కలిసిపోతుంది. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దీన్ని తయారుచేయవచ్చు, సైకోపై అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వరుసగా వినిపించవచ్చు.

తీవ్రత 70 డెసిబెల్స్ దగ్గర ఉంచాలి. సౌండ్ లెవెల్ మీటరు లేకపోతే, ప్రతి మనిషికి ఆ స్వరం వినీ వినబడనట్టు ఉండే స్థాయిని ముందుగా కనుక్కుని, దానికి 50 డెసిబెల్స్ పైన వినిపించడం ఫోనులోని కొలత యాప్‌ను నమ్మడం కంటే ఎంతో మంచి పద్ధతి. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లే వాడాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వెళ్తుంది, ఆ ఆలస్యం ప్రతిసారీ ఒకేలా కూడా ఉండదు. ఎన్1 కొన మొత్తం కొన్ని పదుల మిల్లీసెకన్ల వెడల్పే కాబట్టి, శబ్దం మొదలైన క్షణాన్ని చూపే గుర్తు ఇరవై మిల్లీసెకన్లు అటూ ఇటూ ఊగినా సగటులో అల చదునైపోతుంది. నమోదు మొదలుపెట్టే ముందు ఇయర్‌ఫోన్ తీగను, గుర్తు పంపే తీగను ఆసిలోస్కోప్‌కు కలిపి రెండింటి మధ్య వ్యవధి స్థిరంగా ఉందో లేదో చూసుకోవాలి. ఈ పరీక్ష చేయకుండా తీసిన నమోదులకు విలువ కట్టలేమన్నది నా దృఢమైన అభిప్రాయం.

మొదటి ప్రయోగం: ఆరు శబ్దాల వరుస

సెకనుకొకటి చొప్పున ఆరు స్వరాలు, తర్వాత పది సెకన్ల నిశ్శబ్దం; ఇది ఒక వరుస. ఒక్కో వరుసకు పదిహేను సెకన్లు పడుతుంది కాబట్టి అరవై వరుసలు పదిహేను నిమిషాల్లో పూర్తవుతాయి. పాల్గొనేవారు కుర్చీలో మెడ వాలకుండా కూర్చుని మాటలు లేని ఒక చిత్రాన్ని చూస్తూ ఉండాలి, శబ్దాలను పట్టించుకోవద్దని చెప్పాలి. శ్రద్ధగా వింటే ఎన్1 పెరుగుతుందని స్టీవెన్ హిల్యార్డ్ బృందం 1973లో చూపించింది. నిద్రమత్తులో ఎన్1 తగ్గుతుంది. కాబట్టి పది నిమిషాలు గడిచేసరికి స్పందన తగ్గితే అది పునరావృతం వల్ల తగ్గిందా, కునుకు వల్ల తగ్గిందా అన్న అనుమానం మిగలకుండా, ఐదు నిమిషాలకొకసారి ఆపి పలకరించడం అవసరం. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే ఎవరినీ కూర్చోబెట్టకూడదు.

ఇక అరవై వరుసలే ఎందుకన్నది లెక్కతో చూద్దాం. మెదడులో ఎప్పుడూ సాగే విద్యుత్తు ఒక్క శబ్దం తర్వాతి నమోదులో పది, పదిహేను మైక్రోవోల్టుల మేర ఊగుతూ ఉంటుంది. సగటు కట్టినప్పుడు ఆ ఊగిసలాట, తీసుకున్న నమోదుల సంఖ్యకు వర్గమూలం మేరకు తగ్గుతుంది. అరవైకి వర్గమూలం సుమారు 7.7 కాబట్టి పదిహేను మైక్రోవోల్టుల గోల రెండు మైక్రోవోల్టులకు దిగుతుంది. మొదటి శబ్దానికి ఎన్1 సాధారణంగా అంతకంటే బాగా పెద్దదిగానే ఉంటుంది కాబట్టి అది కనబడుతుంది. పి50 మాత్రం ఒకటి రెండు మైక్రోవోల్టులే కాబట్టి ఇన్ని నమోదులతో దాని గురించి ఏమీ చెప్పలేము.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అలవాటు పడటం అంటే ఏమిటో రిచర్డ్ థాంప్సన్, విలియం స్పెన్సర్ 1966లో కొన్ని లక్షణాలుగా చెప్పారు. మళ్లీ మళ్లీ వచ్చే ఉద్దీపనకు స్పందన క్రమంగా తగ్గాలి, విరామం ఇస్తే తిరిగి రావాలి, మధ్యలో వేరే గట్టి ఉద్దీపన ఇస్తే ఆ తర్వాత వచ్చే పాత ఉద్దీపనకు కూడా స్పందన పెరగాలి. ఈ చివరి లక్షణం మనకు చాలా ముఖ్యం. నాడీకణాలు తేరుకోకపోవడం ఒక్కటే కారణమైతే, మధ్యలో వచ్చిన వేరే శబ్దం పాత శబ్దపు స్పందనను పెంచలేదు. కాబట్టి వరుసకు రెండు శబ్దాలు కలపాలి. ఏడోది బాగా వేరైన శబ్దం, ఉదాహరణకు ఒక గరగర శబ్దం. ఎనిమిదోది మళ్లీ 1000 హెర్ట్జ్ స్వరం. ఇలా చేసినప్పుడు వరుస నిడివి పదిహేడు సెకన్లు అవుతుంది, అరవై వరుసలకు పదిహేడు నిమిషాలు పడుతుంది.

ఏడో శబ్దానికి ఎన్1 పెరగడం మీరు తప్పక చూస్తారు, కానీ అది దేన్నీ తేల్చదు, ఎందుకంటే ఆ శబ్దానికి స్పందించే కణాల్లో చాలావాటికి అంతవరకు పనే పడలేదు. చూడవలసింది ఎనిమిదోదాన్ని. జాగ్రత్తగా చేసిన కొన్ని ప్రయోగాల్లో ఎనిమిదో స్థానంలో ఎన్1 ఆరో స్థానం కంటే పెరగలేదు. తగ్గుదల క్రమంగా కాక రెండో శబ్దానికే జరిగిపోవడాన్ని కూడా దీనితో కలిపి చూస్తే, ఎన్1 తగ్గుదలను చాలావరకు కణాలు తేరుకునే కాలంతోనే వివరించవచ్చన్న వాదన బలంగా నిలుస్తుంది. అంటే ఎన్1 తగ్గింది కాబట్టి మెదడు ఆ శబ్దాన్ని నేర్చుకుందని రాయడం తొందరపాటు అవుతుంది. జ్ఞాపకం గురించి మాట్లాడాలంటే రెండో ప్రయోగం కావాలి.

రెండో ప్రయోగం: వరుసను భంగపరిచే శబ్దం

ఫిన్లాండ్‌కు చెందిన రిస్టో నాటానెన్ బృందం 1978లో ఒక స్పందనను వేరుచేసి చూపించింది. ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వస్తుండగా అరుదుగా వేరే శబ్దం వస్తే, ఆ వేరే శబ్దం తర్వాత సుమారు 100 నుంచి 250 మిల్లీసెకన్ల మధ్య అదనంగా ఒక ఋణ అల వస్తుంది, వినేవారు పట్టించుకోకపోయినా వస్తుంది. దీన్ని మిస్‌మ్యాచ్ నెగటివిటీ అంటారు, పొట్టిగా ఎంఎంఎన్.

అర సెకనుకొకటి చొప్పున 1500 స్వరాలు వినిపించాలి. వాటిలో 1350 స్వరాలు 1000 హెర్ట్జ్‌వి, 150 స్వరాలు 1200 హెర్ట్జ్‌వి ఉండాలి. అరుదైన స్వరాలు ఒకదాని వెంట ఒకటి రాకూడదు, రెంటి మధ్య కనీసం రెండు మామూలు స్వరాలు ఉండాలి. ఇది పన్నెండున్నర నిమిషాల పని.

ఇక్కడే చాలామంది ఆగిపోయి, అరుదైన స్వరపు స్పందన నుంచి మామూలు స్వరపు స్పందనను తీసేసి, మిగిలినదంతా ఎంఎంఎన్ అని రాస్తారు. అందులో రెండు కలిసిపోయి ఉంటాయి. 1000 హెర్ట్జ్‌కు స్పందించే కణాలు అలసి ఉన్నాయి, 1200 హెర్ట్జ్‌కు స్పందించేవి తాజాగా ఉన్నాయి. కాబట్టి జ్ఞాపకంతో పని లేకుండానే ఎన్1లోనే తేడా వస్తుంది. పిల్లుల శ్రవణ వల్కలంలోని ఒక్కొక్క కణమే అరుదైన స్వరానికి ఎక్కువగా, మామూలు స్వరానికి తక్కువగా స్పందిస్తుందని నాహుమ్ ఉలనోవ్‌స్కీ, ఇస్రాయెల్ నెల్కెన్ బృందం 2003లో చూపించినప్పటి నుంచి ఈ చర్చ మరింత పదునెక్కింది. స్వరాల పాత్రలు తారుమారు చేసి, అంటే 1200ను మామూలుగా, 1000ను అరుదుగా వినిపించి, ఒకే స్వరాన్ని రెండు పాత్రల్లో పోల్చడం మంచిదే. దానివల్ల రెండు స్వరాల భౌతిక తేడా సమస్య పోతుంది. అలసట సమస్య మాత్రం పోదు.

అందుకు విరుగుడు మూడో విడత. ఇందులో మామూలు స్వరం అంటూ ఏదీ ఉండదు. పది స్వరాలు, ఒక్కొక్కటి పదింట ఒక వంతు చొప్పున, ఏ క్రమమూ లేకుండా వస్తాయి. పక్కపక్క స్వరాల నిష్పత్తి 1.2 ఉండేలా 482, 579, 694, 833, 1000, 1200, 1440, 1728, 2074, 2488 హెర్ట్జ్ తీసుకోవచ్చు. ఇక్కడ కూడా 1200 హెర్ట్జ్ స్వరం పదింట ఒకసారే వస్తుంది, అంటే దాని అరుదు రెండు చోట్లా సమానం. కానీ ఇక్కడ అది భంగపరచడానికి ముందుగా ఏర్పడిన వరుస లేదు. మొదటి విడతలోని 1200 స్పందన నుంచి ఈ విడతలోని 1200 స్పందనను తీసేస్తే మిగిలేది, జ్ఞాపకంలోని వరుసతో పొసగకపోవడం వల్ల వచ్చినదని చెప్పడానికి గట్టి ఆధారం ఉంటుంది. ఈ పోలిక కఠినమైనది. మిగిలే అల చిన్నదిగా ఉంటుంది. చిన్నదైనా అదే నమ్మదగినది.

జ్ఞాపకం ఉందనడానికి మరో సాక్ష్యం, రాని శబ్దానికి వచ్చే స్పందన. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర కాపురం ఉండేవారికి మిల్లు నడుస్తున్నంతసేపు చప్పుడు తెలియదు, ఆగినప్పుడు తెలుస్తుంది. ప్రయోగశాలలో కూడా స్వరాల మధ్య వ్యవధి సుమారు 150 మిల్లీసెకన్ల కంటే తక్కువగా ఉన్నప్పుడు, వరుసలో ఒక స్వరాన్ని ఎగరగొడితే ఆ ఖాళీకి కూడా ఎంఎంఎన్ వస్తుందని 1990లలో హిరోకి యాబే, నాటానెన్ తదితరులు చూపించారు. అక్కడ తాజా కణాలను కదిలించే శబ్దమే లేదు కాబట్టి, అలసటతో ఈ ఫలితాన్ని వివరించడం కష్టం.

లెక్కింపు

ఎంఎన్‌ఈ-పైథాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి సరిపోతుంది. 1 నుంచి 30 హెర్ట్జ్ వరకు ఫిల్టర్ చేసి, ప్రతి శబ్దానికి ముందు 100 మిల్లీసెకన్ల నుంచి తర్వాత 400 మిల్లీసెకన్ల వరకు ముక్కలుగా కోసి, శబ్దానికి ముందున్న భాగపు సగటును సున్నాగా పెట్టుకోవాలి. కనురెప్పపాటు వల్ల 100 మైక్రోవోల్టులు దాటిన ముక్కలను తీసేయాలి. ఎత్తు కొలిచేటప్పుడు ఒక్క కొనను పట్టుకోకుండా 80 నుంచి 120 మిల్లీసెకన్ల మధ్య సగటు తీసుకోవాలి, ఎందుకంటే తక్కువ నమోదులున్న సగటులో గోల వల్లనే కొన పెద్దదిగా కనబడుతుంది. ఇదే కారణంగా పోల్చే రెండు సగటుల్లోనూ ముక్కల సంఖ్య సమానంగా ఉండాలి. ఎంఎంఎన్‌కు 150 అరుదైన స్వరాలుంటే మామూలు స్వరాల్లో వాటికి సరిగ్గా ముందు వచ్చిన 150 మాత్రమే తీసుకోవాలి. అరుదైన స్వరం తర్వాత వెంటనే వచ్చిన మామూలు స్వరాన్ని వాడకూడదు. ఏ వ్యవధిలో కొలవాలో నమోదుకు ముందే కాగితం మీద రాసి తేదీ వేసుకోవాలి. గీత చూశాక వ్యవధిని ఎంచుకుంటే కోరుకున్న ఫలితమే వస్తుంది.

ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి

స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధి ఉన్నవారిలో, అర సెకను ఎడంగా వచ్చే రెండు క్లిక్కులలో రెండోదానికి పి50 తగినంత తగ్గదని 1980ల నుంచి, ఎంఎంఎన్ చిన్నదిగా ఉంటుందని 1990ల నుంచి పరిశోధనలు చెబుతున్నాయి. కోమాలో ఉన్నవారిలో ఎంఎంఎన్ కనబడటం మేలుకొనే అవకాశానికి ఒక మంచి సూచన. ఇవన్నీ గుంపుల మధ్య తేడాలు. ఒక విద్యార్థిని కూర్చోబెట్టి, స్పందన తగ్గలేదని చూసి, అతనికి ఏదో జబ్బు ఉందని అనడం తప్పు, అన్యాయం కూడా. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. చిన్న వయసులో పి1 పెద్దదిగా ఉండి, శబ్దాలు దగ్గరదగ్గరగా వచ్చినప్పుడు ఎన్1 కనబడకపోవచ్చు; అది ఎదుగుదలలో సహజమే. పసిబిడ్డ వినికిడి మీద అనుమానం ఉన్న తల్లిదండ్రులు ఎవరైనా మీ ప్రయోగశాలకు వస్తే, ఈ ప్రయోగం వారికి పనికిరాదని చెప్పి ఆసుపత్రిలో బేరా పరీక్షకు పంపాలి. మొదటి నెలలో వడపోత పరీక్ష, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలు కావాలన్నది అంతర్జాతీయంగా పాటించే గడువు.

తర్వాత చేయదగినది

శుద్ధ స్వరాలతో చేయి తిరిగాక తెలుగు అచ్చులతో చేయండి. ఎస్టోనియా భాషలో ఉండి ఫిన్నిష్‌లో లేని ఒక అచ్చుకు, ఎస్టోనియా వారిలో ఎంఎంఎన్ ఎక్కువగా, ఫిన్లాండ్ వారిలో తక్కువగా వచ్చిందని నాటానెన్ బృందం 1997లో ప్రకటించింది. తెలుగులో అచ్చు నిడివి అర్థాన్నే మారుస్తుంది. ‘పలు’ వేరు, ‘పాలు’ వేరు. ఒకే గొంతులో పలికిన ‘ప’ శబ్దాన్ని తీసుకుని, అందులోని అచ్చు నిడివిని మాత్రమే ప్రాట్‌లో పెంచి ‘పా’ తయారుచేసి, రెండింటినీ మామూలు, అరుదు పాత్రల్లో తారుమారుగా వినిపించవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘ప’, ‘పా’ మధ్య తేడా శబ్దం మొదట్లో లేదు, పొట్టి అచ్చు ఆగిపోయే చోట మొదలవుతుంది. కాబట్టి ఎంఎంఎన్ వ్యవధిని ఆ క్షణం నుంచే లెక్కించాలి, నమోదు ముక్కను కూడా ఆ మేరకు 600 మిల్లీసెకన్ల వరకు పొడిగించుకోవాలి.